మొక్కల పండుగ చొక్కా

ఆ ఊళ్ళో మొక్కల పండుగ పుణ్యమా అని బాగా నాటుకున్నవి బోర్డులే. ఏటా ఆగస్టులో రాజధాని నియామే పట్నం నుంచి తెల్ల బండ్లు వచ్చేవి. బడి వెనకాల అవే గుంటల్లో మళ్ళీ మొక్కలు దిగేవి, పక్కన ఇంకో రేకు బోర్డు లేచేది. బండ్లు మలుపు తిరగకముందే మేకలు వచ్చేవి. మేకలు రేకు తినవు కనుక బోర్డులు ఐదూ మిగిలాయి. అందులోనూ గాలికి పడిపోయిన ఒకటి డేలు ఇంట్లో కోళ్ళగూటికి తలుపైంది. దాని మీద ఏం రాసుందో చదవగలిగినవాళ్ళు ఊళ్ళో నలుగురే. ఆ నలుగురూ చదివి నవ్వుకున్నారు.

డేలు సాబియూకి పెద్ద భార్య. ఆమెకు ఊరి చివర, రోడ్డు పక్కన ఒక చిన్న పొలం చెక్క ఉంది. ఉంది అంటే మొగుడు ఇచ్చాడు. పెళ్ళాడిన ఆడదానికి తన పొలంలోంచి ఒక చెక్క విడిచిపెట్టడం అక్కడి మర్యాద. పండింది ఆమెది, నేల ఆయనది. ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు వెనక్కి తీసుకుంటాడు. సాబియూ మర్యాద తెలిసినవాడు కాబట్టి తన పొలంలోకెల్లా పనికిమాలిన చెక్క చూసి ఇచ్చాడు. ఒట్టి ఇసక. విత్తిన బొబ్బర్లు గాలికి లేచి పక్కవాళ్ళ చేలో మొలిచేవి.

వానలకు ముందు ఆ ఊళ్ళో ప్రతి మగవాడూ పొలాన్ని అరచెయ్యిలా నున్నగా చెక్కుతాడు. మోళ్ళ నుంచి లేచిన పిలకల్ని మొదలంటా నరికి తగలబెడితే గాని రైతనిపించుకోడు. డేలు ఆరేళ్ళ కిందట పదకొండు గావో చెట్ల మోళ్ళ మీద ఒక్కొక్క నిటారు పిలకను ఉంచి మిగతావి కోసేసింది. ఉంచినవాటికి పాత పంచె చింపి పీలికలు కట్టింది, ఎవరూ పొరపాటున నరక్కుండా. ఊరంతా నవ్వింది. "పని చేతకాక గుడ్డలు కడుతోంది, జబ్బు చేసిందేమో చెట్లకి," అంది చిన్న భార్య హబ్సు. ఆరేళ్ళకు అవి ఇంటి వాసానికి సరిపడా లావెక్కాయి, గాలి తగ్గింది, ఇసక కదలడం మానింది, బొబ్బర్లు వేసినచోటే మొలిచాయి. అప్పుడు నవ్వడం మానేశారు. పొరపాటైందని మాత్రం ఒక్కరూ అనలేదు.

గావో తలతిక్క చెట్టు. తుమ్మ జాతిదే, ముళ్ళూ ఉంటాయి, కాని బుద్ధి వేరు. వానలు పడి లోకమంతా పచ్చబడేవేళకు ఉన్న ఆకంతా రాల్చుకుని ఎండు కర్రలా నిలబడుతుంది. వానలు వెళ్ళిపోయి అన్నీ మాడే రోజుల్లో చిగురేస్తుంది. అందుకే దాని కింద పైరుకు నీడ బెడద ఉండదు, ఎండాకాలంలో మేకలకు కాయల కరువూ ఉండదు. ఈ సంగతి అక్కడ నడక నేర్చిన ప్రతివాళ్ళకూ తెలుసు.

ఆ సంవత్సరం సాబియూ బజారు నుంచి, పండుగవాళ్ళు పంచిన ఆకుపచ్చ బనీను చొక్కా వేసుకొచ్చాడు. ముందు చెట్టు బొమ్మ, దాని కింద ఏవో అక్షరాలు. మనిషి సన్నం, చొక్కా వెడల్పు. తాడు మీద ఆరేసినట్టుంది.

"ఈసారి పండుగ మన దగ్గరే," అన్నాడు గొంతు పెద్దది చేసి.

"మన దగ్గరంటే?"

"నీ చెక్కలో. బడి వెనకాల ఫొటోలు తీస్తే పాత బోర్డులన్నీ పడుతున్నాయట. రోడ్డు పక్కనైతే బండి దిగ్గానే పని అయిపోతుంది. అడవి గార్డు ఊసేని నా పేరు చెప్పాడు."

సజ్జలు దంచుతున్న డేలు రోకలి ఆపింది. "మరి నా చెట్లు?"

"వాటి మధ్యలో నాటుతారు. అవేం చేశాయి వాళ్ళని?"

"నా బొబ్బర్లు?"

"అబ్బ! ఊరికి పేరొస్తుంటే బొబ్బర్లంటావేంటే! మొక్క నేను అందిస్తే పట్నం నుంచి వచ్చే పెద్దాయన నాటుతాడు. ఫొటోలో నేనుంటాను."

పొయ్యి దగ్గర నుంచి హబ్సు తల తిప్పకుండా అంది: "ఆ చొక్కాతోనే ఉండండి. లేకపోతే ఆ మొక్కేదో, మీరేదో వాళ్ళకి తెలీదు."

పండుగ ఇంకా రెండు రోజులుందనగా అడవి శాఖ ఇంజనీరు చోటు చూడడానికి వచ్చాడు. బూట్లకు ఇసక అంటుతుందేమోనని బొబ్బరి తీగల మీదుగా నడిచాడు. వెనక గార్డు ఊసేని, ఆ వెనక చొక్కా తొడుక్కుని సాబియూ. డేలు కలుపు తీస్తున్నదల్లా లేచి నిలబడింది.

ఇంజనీరు నల్ల కళ్ళద్దాలు తీసి ఒకసారి చుట్టూ చూశాడు. "ఈ ఎండు కర్రలేంటి?"

ఊసేని ఆ కర్రల వంక చూశాడు. ఇరవై ఏళ్ళుగా అడవి శాఖ టోపీ పెట్టుకున్న మనిషి. రెండేళ్ళ కిందట ఇదే చెక్కలో డేలు మేకకోసం ఒక్క కొమ్మ నరికితే, "గావో మీద చెయ్యేస్తావా, దీని విలువ నీకేం తెలుసు!" అని ఊరందరి ముందూ అరిచి ఆమె గొడ్డలి గుంజుకుపోయాడు. అది డేలు పుట్టింటివాళ్ళు పెట్టిన గొడ్డలి.

"ఎండిపోయినవే సార్," అన్నాడు ఊసేని.

"తీయించెయ్. ఎడారిని ఆపడానికి వచ్చి ఎడారి ముందు నిలబడి ఫొటో దిగుతామా?"

"అవి చావలేదయ్యా," అంది డేలు.

ఇంజనీరు నవ్వాడు. పెద్ద చదువు చదువుకున్నవాళ్ళు పల్లెటూరి ఆడవాళ్ళకోసం అట్టే పెట్టుకునే నవ్వది. "చూడమ్మా, ఆగస్టు నెల. వానలు పడుతున్నాయి. చుట్టూ అన్నీ పచ్చగా ఉన్నాయి. ఇప్పుడు కూడా ఆకు లేని చెట్టును ఏమంటారు?"

"గావో అంటారు."

హబ్సు అక్కడుంటే పగలబడి నవ్వేది. లేదు కాబట్టి ఎవరూ నవ్వలేదు. సాబియూ డేలు వంక కళ్ళురిమాడు. ఇంజనీరు కళ్ళద్దాలు పెట్టేసుకుని బండెక్కాడు.

డేలు గార్డుకు అడ్డం వెళ్ళింది. "ఏం గార్డయ్యా, నీకూ తెలీదూ?"

"తెలీకేం వదినా," అన్నాడు ఊసేని గొంతు తగ్గించి. "ఆయన నోట ఎండు కర్రలని వచ్చేసింది. బతికున్నాయని నేనంటే ఆయనకు చదువు రానట్టు కాదూ? ఇంకో రెండేళ్ళలో నా ఉద్యోగం అయిపోతుంది. నన్నొదిలెయ్."

"ఒక కొమ్మకి గొడ్డలి పట్టుకుపోయావే."

"అప్పుడు పైవాళ్ళెవరూ లేరు కదా."

ఎంత నిజాయితీగా చెప్పాడంటే డేలుకు కోపం కూడా రాలేదు. చెప్పులో దూరిన పల్లేరుకాయను చూసినట్టు చూసి పక్కకు తప్పుకుంది.

మర్నాడు పొద్దున్నే గొడ్డలి ఇంటికి వచ్చింది. ఊసేనే పంపాడు, సాబియూకి పనికొస్తుందని. పిడి మీద డేలు అమ్మ కాల్చి పెట్టిన గుర్తు అలాగే ఉంది. రెండేళ్ళు గార్డు ఇంట్లో కట్టెలు కొట్టి కొట్టి అంచు మొద్దుబారింది.

"నీ నేల, నీ ఇష్టం," అంది డేలు మొగుడితో. "కాని ఒక్కసారి గోటితో బెరడు గీకి చూడు. లోపల పచ్చగా లేకపోతే నేనే నరుకుతాను."

"నాకు తెలీదనుకున్నావా పచ్చగా ఉంటుందని?"

"తెలిసే నరుకుతావా?"

సాబియూ చొక్కా కింది అంచు సర్దుకున్నాడు. "మాటిచ్చేశాను. రేపు మనిషికి ముఖం చూపించాలి."

"ఎవరికి చూపించాలో ఆ ముఖం! వారం పోతే ఆయన నీ పేరు కూడా మర్చిపోతాడు."

అతను గొడ్డలి తీసుకుని వెళ్ళాడు. డేలు వెంట వెళ్ళలేదు. మొద్దు గొడ్డలితో పదకొండు చెట్లు నరకడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. చెక్క ఆ దెబ్బలు ఇంట్లోకి వినిపించేంత దగ్గర కాదు. అయినా ఆమె సంకటి మాడింది. పెళ్ళయ్యాక అది మొదటిసారి. ఆ మాడిన గిన్నె హబ్సే తీసుకెళ్ళి ఇసకతో తోమింది.

పండుగ బాగా జరిగింది. డప్పులు, ఉపన్యాసం, ఆరో బోర్డు. వంద నీలగిరి మొక్కలు తాడు పట్టి గీసినట్టు వరసగా దిగాయి. పెద్దాయన మొదటి మొక్క నాటాడు, నల్ల ప్లాస్టిక్ సంచితో సహా. అందించిన సాబియూ సంచి తీయలేదు, అందుకున్న పెద్దాయనకు తీయాలని తెలీదు. ఆయనే నాటాక మనమెందుకు తీయాలని మిగిలిన తొంభై తొమ్మిదీ సంచులతోనే పూడ్చారు. బొబ్బరి తీగలు నేలలో కలిసిపోయాయి. ఫొటోలో సాబియూ భుజం పడింది.

వానలు సెప్టెంబరులోనే వెళ్ళిపోయాయి. నీలగిరి మొక్కలు అక్టోబరు చూశాయి, నవంబరు చూడలేదు. సాబియూ ఆ రోజు తర్వాత అటు అడుగుపెట్టలేదు. సిగ్గో, బద్ధకమో, రెండింటికీ అతని నడక ఒకేలా ఉండేది. డేలు మాత్రం సజ్జకోతలు అయ్యాక వెళ్ళింది. ఎండిన మొక్కల వరసల మధ్య, ఏ వరసకూ చెందకుండా, పదకొండు మోళ్ళ నుంచి పిలకలు లేచి ఉన్నాయి. మోకాలెత్తు. పచ్చగా. మేకలు అప్పటికే రెండింటి చివర్లు రుచి చూశాయి.

ఇంటికొచ్చి సాబియూ పెట్టె తెరిచింది. ఆకుపచ్చ చొక్కా మడత పెట్టి, లవంగాలు వేసి దాచి ఉంది.

"అక్కా, అది తీస్తే ఆయన ఇల్లు పీకి పందిరేస్తాడు," అంది హబ్సు గుమ్మంలోంచి.

"వెయ్యనీ. నీడైనా ఉంటుంది."

హబ్సు లోపలికి వచ్చి చొక్కా రెండో కొస పట్టుకుంది. "గట్టిగా లాగు. దొంగ గుడ్డ, సాగుతోంది కాని చిరగదు."

మొత్తం పదకొండు పీలికలు చింపారు. ఒక్కో మోడు మీద ఒక్కో నిటారు పిలకను ఉంచి, మిగతావి కోసి, పీలిక కట్టి, చుట్టూ ముళ్ళకంప పేర్చింది డేలు. చెట్టు బొమ్మ ఉన్న ముక్క రోడ్డు వైపున్న దానికి వచ్చింది. గొడ్డలికి కూడా అంచు పెట్టించి తన మంచం కిందే ఉంచుకుంది.

ఫిబ్రవరిలో ఇంజనీరు మళ్ళీ దిగాడు. పైనుంచి ఎవరో ఎన్ని బతికాయో లెక్క అడిగారట. ముఖం ముందే వేలాడేసుకుని వచ్చాడు. గార్డు, సాబియూ, బండి చూసి పోగైన ఊరివాళ్ళు వెనకే ఉన్నారు. ముళ్ళకంప సర్దుతున్న డేలు లేవలేదు.

ఆ ఎండిన వరసలు అతనికి అలవాటైన దృశ్యమే, దాటుకుంటూ నడిచాడు. పచ్చగా ఉన్న పిలకల దగ్గర ఆగిపోయాడు. వంగి పీలికను వేళ్ళతో పట్టుకున్నాడు. చెట్టు బొమ్మ, కింద సగం అక్షరాలు.

"ఇది మన గుడ్డే! మన మొక్కలే! ఎన్నున్నాయి?"

"పదకొండు సార్," అన్నాడు ఊసేని.

"మరి వరస తప్పాయేం?"

ఊసేని ఒక్క క్షణం ఆకాశం చూశాడు. "గాలికి జరుగుతాయి సార్. ఇసక నేల కదా."

"ఊఁ," అన్నాడు ఇంజనీరు, రాసుకుంటూ. "ఎవరు చూసుకున్నారు వీటిని?"

"నేనేనండి," అంటూ సాబియూ అడుగు ముందుకేశాడు. అప్పుడు పీలిక వంక చూశాడు. పక్కదాని వంక చూశాడు. వరసగా పదకొండింటి వంకా చూశాడు. మెడ పట్టీ ఒకచోట, చంక కుట్టు ఇంకోచోట. నోరు తెరిచాడు.

"మీ సొంత చొక్కా చింపి కట్టారా?" ఇంజనీరు అతని చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "రైతంటే ఇలా ఉండాలి! పద, ఫొటో తీద్దాం."

సాబియూ తెరిచిన నోరు అలాగే ఫొటోలో పడింది. ఈసారి మనిషంతా పడ్డాడు.

అతను నిలబడుతుంటే డేలు చేతులు దులుపుకుని గార్డు పక్కకు వచ్చింది. "గార్డయ్యా, చెప్పమంటావా ఆయనకి ఇవేంటో? తను నరికించిన ఎండు కర్రలేనని?"

"వదినా, నీ కాళ్ళు పట్టుకుంటాను."

"నా కాళ్ళెందుకు. ఇవి వానల్లో ఆకు రాలుస్తాయని, చావవని నువ్వే చెప్పు. నీ నోటితో, ఇప్పుడే, ఊరందరూ వినేలా. ఆగస్టులో ఇక్కడికి సంచి మొక్కలు రావని కూడా చెప్పించు. లేదా నేను మొదలెడతాను."

ఊసేని టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. "సార్... ఒక చిన్న సంగతి. ఈ రకం వానాకాలంలో ఆకు రాలుస్తుంది. చచ్చినట్టు కనబడుతుంది గాని చావదు. అందుకని... అప్పుడు తీసెయ్యకుండా..."

ఇంజనీరు కళ్ళద్దాల మీదుగా అతన్ని చూశాడు. "నాకు తెలీదా? నేను అడవుల చదువే చదువుకున్నానయ్యా. ఈ పదకొండూ మన శాఖవి. ఎవరైనా చెయ్యేస్తే నీదే పూచీ. ఇంకిక్కడ ఏమీ నాటక్కర్లేదు, బాగానే ఉంది. బోర్డు మాత్రం రంగు వేయించండి."

బండి వెళ్ళిపోయింది. ఊసేని నీరసంగా చెట్టు లేని చోట నీడ వెతుక్కుంటూ నడిచాడు. సాబియూ రోడ్డు వైపు పిలక దగ్గర కూలబడి చెట్టు బొమ్మ ముడి విప్పబోయాడు.

"ముట్టుకోకు," అంది డేలు. "అది శాఖవారిది. గార్డయ్యకు పూచీ ఉంది."

సాబియూ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "కొత్త చొక్కానే అది," అన్నాడు చివరికి.

డేలు వంగి ఆ ముడిని ఇంకాస్త బిగించి, పక్కన పెట్టిన గొడ్డలి భుజాన వేసుకుని ఇంటి దారి పట్టింది. పొయ్యి మీద బొబ్బర్లు పెట్టి వచ్చింది. ఈ ఏడు అవీ పక్కింటివాళ్ళ చేలోవే, బదులు తెచ్చినవి.