సగమా, మూడో వంతా

పుల్లలు రాలుతున్నాయి.

పొడి చప్పుడు. సిమెంటు నేల మీద ఒకటి తర్వాత ఒకటి... కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ వాటి మీద పడుతోంది.

కంచం బోర్లించి సుద్దముక్కతో గీసిన వృత్తం. దాని మీదికి లెక్కల టీచరు చీపురు పుల్లలు విసురుతోంది. కళ్లు మూసుకుని, గురి చూడకుండా.

"ఈ ఇంట్లో చీపురుకి కూడా చదువు చెప్పాలా?" వంటింట్లోంచి అత్తగారి గొంతు.

టీచరు ఇంకో పుల్ల విసిరింది. ఒళ్లు మండుతోంది ఆమెకు — ఆ దర్జీ కూతురి మీద.

నాలుగు రోజుల కిందట ఆ పిల్ల స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడింది. కాలేజీలో ఫీజు లేని సీటు ఒక్కటే. దానికి పరీక్ష పెట్టిందీ, పేపర్లు దిద్దిందీ ఈ టీచరే. పిల్లకి మూడు మార్కుల తేడాతో సీటు చేజారింది. టీచరు కొట్టేసిన జవాబుకి నాలుగు మార్కులు.

వృత్తంలో యాదృచ్ఛికంగా ఒక జ్యా గీయాలి. అంటే అంచు నుంచి అంచుకు ఓ గీత. ఆ వృత్తంలో సరిగ్గా ఇమిడే సమబాహు త్రిభుజం భుజం కన్నా అది పొడుగ్గా ఉండే సంభావ్యత ఎంత?

మూడో వంతు. పందొమ్మిదేళ్లుగా టీచరు జవాబు మూడో వంతే.

దర్జీ కూతురు సగం అని రాసింది.

"ఒక్కసారి పుల్ల విసిరి చూడండి మేడమ్."

"నాకే పాఠం చెప్తావా? వెళ్లు."

వెళ్లింది. మాట మాత్రం వెళ్లలేదు. అన్నం దగ్గర, బస్సులో, బోర్డు ముందు... చెవిలో జోరీగలా అదే మాట.

అందుకే ఈ పుల్లలు. మూడో వంతు లెక్క తేల్చి ఆ పిల్ల నోరు మూయించాలి.

త్రిభుజం భుజమంత పుల్ల ఒకటి తుంచి కొలతకి పెట్టుకుంది. వృత్తాన్ని దాటుకుంటూ పడిన ప్రతి పుల్లా, లోపల ఎంత మేర ఉందో కొలిచింది. పొడుగు. పొట్టి. పొడుగు. పొడుగు. పొట్టి...

వందకి ముప్పై మూడు పొడుగువి రావాలి.

యాభై ఒకటి వచ్చాయి.

మళ్లీ విసిరింది. నలభై తొమ్మిది.

మళ్లీ. యాభై రెండు.

ఆమె నిర్ఘాంతపోయింది.

తర్వాత కాగితం తీసింది. అంచు మీద ఎక్కడైనా రెండు చుక్కలు పెట్టి కలిపితే — మూడో వంతు. ఇందులో తప్పు లేదు. గీతనే తెచ్చి వృత్తం మీద పడేస్తే — కేంద్రం నుంచి వ్యాసార్థంలో సగం లోపు పడ్డవన్నీ పొడుగు. సగం. ఇందులోనూ తప్పు లేదు...

గీత ఎలా గీయాలో ప్రశ్నలో లేదు.

ఆ ప్రశ్న రాసింది తనే. పందొమ్మిదేళ్లు అదే ప్రశ్న, ఒక్కసారి కూడా తోచలేదు.

సీటు నిన్ననే ఇంకొకరికి ఇచ్చేశారు. సీటు ఇచ్చిన కాగితం మీద సంతకం కూడా తనదే.

చెప్పులు వేసుకుంది. నడకా కాదు, పరుగూ కాదు.

దర్జీ షాపులో కుట్టు మిషన్ గడగడలాడుతోంది. తండ్రి మిషన్ మీద, పిల్ల కింద కూర్చుని చొక్కాకి గుండీలు కుడుతోంది. మేడమ్‌ని చూసి గబుక్కున లేచింది.

"నీ సగం రైటేనమ్మా." అంది టీచరు.

"అయితే మీ మూడో వంతు తప్పా మేడమ్?"

"కాదు. అదీ రైటే. నేనిచ్చిన ప్రశ్నే తప్పు."

పిల్ల క్షణం ఆలోచించింది. ముఖం మెల్లగా విప్పారింది.

"రెండూ రైటా? భలే ఉంది మేడమ్!"

నిజమైన సంతోషం. టీచరు ఆ ముఖంలోకి చూడలేకపోయింది.

మిషన్ ఆగింది. తండ్రి కూడా తలెత్తాడు.

పిల్ల చేతిలోని చొక్కా మడిచి పక్కన పెట్టింది. దారం సూదికి చుట్టి, డబ్బాలో పెట్టి, మూత వేసింది.

"అయితే కాలేజీకి ఎప్పుడు రమ్మంటారు మేడమ్?"