అద్దంలో అమ్మమ్మ

బడి వరండాలో ముప్పై రెండు మొహాలు వేలాడుతున్నాయి. ఒక్కటీ తిన్నగా లేదు.

సెలూన్ తాత మెట్ల దగ్గరే ఆగిపోయాడు. నలభై ఏళ్ళుగా మనుషుల మొహాలు చక్కబెట్టి బతుకుతున్నవాడు. నుదుటి మీద చెవి, బుగ్గ మీద ముక్కు, ఒకే పక్కన రెండు కళ్ళూ, ఇవన్నీ చూస్తే ఒళ్ళు మండదూ?

“ఇదేం చోద్యం టీచరమ్మా? పిల్లలకి గీయడం రాకపోతే నేర్పాలి గానీ, తెచ్చి గోడకెక్కిస్తారా?”

“పికాసో అని పెద్ద చిత్రకారుడండీ. ఒకే మొహాన్ని ఎదురుగానూ పక్కనించీ కలిపి చూసినట్టు వేసేవాడు. మూడో తరగతికి అదే పని ఇచ్చాం. ఇంట్లోవాళ్ళ మొహం ఒకటి అలా వేసి తెమ్మన్నాం.”

“ఇలాంటి మొహం వచ్చి నా కుర్చీలో కూర్చుంటే, గడ్డం ఎటునించి మొదలెట్టాలమ్మా నేను?”

టీచరు నవ్వి పక్కకి తిరిగింది. మనవరాలు అతని వేలు పట్టుకుని లాగింది. ఇంట్లో అందరూ దాన్ని పిచ్చుక అంటారు. దాని తల్లికి ఆసుపత్రిలో డ్యూటీ ఉండటంతో, ఈ బొమ్మల ప్రదర్శనకి కొట్టు మూసి తాతే రావలసి వచ్చింది.

“తాతా, నాది చూడు. ఆ చివరిది.”

చూశాడు. నెరిసిన ముడి. చుబుకం మీద పుట్టుమచ్చ. ఒక కన్ను చిన్నది, ఒకటి పెద్దగా తెరుచుకుని ఉంది. మూతి ఒక కొస కిందికి జారింది.

ఎవరని అడగనక్కర్లేదు. ఆవిడ పోయి ఎనిమిది నెలలైంది.

పోవడానికి రెండేళ్ళ ముందు ఒక పొద్దున్న లేచేసరికి ఆవిడ మొహం ఎడమవైపు జారిపోయింది. కాలూ చెయ్యీ బాగానే ఉన్నాయి, మాటా బాగుంది. మొహం మాత్రం మళ్ళీ చోటికి రాలేదు. వాళ్ళ కాపురం కొట్టు వెనక రెండు గదుల్లో. ఒకరోజు ఆవిడ టీ తెచ్చిస్తే కుర్చీలో మనిషి గుడ్లప్పగించి చూశాడు. అతను వెళ్ళాక భార్యతో, “ఆ మూతికేదైనా అడ్డం పెట్టుకోరాదూ? గిరాకీ బెదిరిపోతుంది” అన్నాడు సెలూన్ తాత. సరదాకి అన్నానని తర్వాత తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. సరదాకి కాదు. ఆవిడకీ తెలుసు. ఆ రోజు మూతికి అడ్డం పెట్టిన రుమాలు అతని ఎదుట మళ్ళీ తియ్యలేదు. అన్నం కూడా గోడవైపు తిరిగి తినేది.

“తీసెయ్ దాన్ని” అన్నాడు.

“ఎందుకూ?”

“అమ్మమ్మని నలుగురిలో నవ్వులపాలు చేస్తావా?”

పిచ్చుకకి ఉక్రోషం వచ్చింది. “నేనేం చేశాను! అందరూ కష్టపడి వంకర తిప్పారు. నాకా పనే లేదు. అమ్మమ్మ అలాగే ఉండేది కదా.”

“అలా కూడా లేదు. తప్పు వేశావు. ఎదురుగా చూస్తే వంకర మన కుడిచేతి పక్కకి రావాలి. నువ్వు ఎడమ పక్కకి వేశావు.”

“కాదు. ఎడమ పక్కే.”

“నాకు చెప్తావా? పుట్టుమచ్చ కూడా అవతల...”

బొమ్మకి దగ్గరగా జరిగాడు. వంకరా, మచ్చా, రెండూ తారుమారయ్యాయి. రోజంతా అద్దంలో మొహాలు చూసేవాడికి అది వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

“అద్దంలో చూశావా?”

“ఆఁ. బడికి వచ్చేముందు అమ్మ నన్ను మీ ఇంట్లో దింపేది కదా, అప్పుడు అమ్మమ్మ జడ వేసేది. జడకి రెండు చేతులూ కావాలిగా. రుమాలు నా ఒళ్ళో పడేసేది.”

“పడేసి?”

“అద్దంలోకి చూస్తూ మూతి ఇంకా వంకర పెట్టేది. నేనూ పెట్టేదాన్ని. పోటీ! ఎప్పుడూ తనే గెలిచేది. నాకు సగం వంకర ముందే ఉందే, నువ్వేం గెలుస్తావ్ అని ఏడిపించేది.”

“నాకెప్పుడూ చూపించలేదు.”

“నీకు చెప్పొద్దంది. తాతకి మొహాలు తిన్నగా ఉంటేనే ఇష్టమంది.”

ఆ పోటీ రోజూ పొద్దున్న గోడకి అవతల జరిగేది. ఇవతల అతను ఎవరి మీసమో సరిచేస్తూ ఉండేవాడు. నవ్వులు వినపడేవి. గిరాకీ ఉన్నప్పుడు ఏమిటా గోల అని ఒకటి రెండుసార్లు కసిరాడు కూడా.

“తీసెయ్యమంటావా?” పిచ్చుక గుండుసూది మీద చెయ్యి వేసి నిలబడింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

అతను బొమ్మకేసే చూస్తున్నాడు. రెండేళ్ళు ఒకే కప్పు కింద ఉండి చూడని మొహం.

అంతలో కొడుకుని చంకనేసుకున్న ఒకాయన వచ్చి వాళ్ళ పక్కన ఆగాడు. “అబ్బో, ఇది అదిరింది! ఎవరే పాపా, దయ్యమా?” అని పెద్దగా నవ్వాడు.

పిచ్చుక తాత మొహంలోకి చూసింది.

“మా ఆవిడ” అన్నాడు సెలూన్ తాత.

ఆయన నవ్వు ఆగిపోయింది. “అంటే... బొమ్మ కదాని, ఏదో...”

“బొమ్మే. మొహం మాత్రం అచ్చు అదే. ఆఖరి రెండేళ్ళూ ఇలాగే ఉండేది. నా మనవరాలు సరిగ్గా వేసింది.”

ఆయన తలొంచుకుని ముందుకి జరిగాడు. పిచ్చుక సూది మీంచి చెయ్యి తీసింది.

“మరి ఇందాక తప్పన్నావు?”

“తప్పు నాది.”

ఆ సాయంత్రం అతను కొట్టు తెరవలేదు. వరండాలోనే బొమ్మ పక్కన నిలబడ్డాడు. ఎవరైనా ఆగితే చాలు, అడక్కముందే “మా ఆవిడ” అంటున్నాడు.

“గట్టిగా చెప్పు తాతా” అంది పిచ్చుక. “వెనకవాళ్ళకి వినపడలేదు.”

గట్టిగా చెప్పాడు.