గేటు దాటిన అన్నం బండి

పొద్దున్న పదింటికి మూడు లారీలు మిల్లు గేటులోంచి లోపలికొచ్చాయి. పైన కప్పిన టార్పాలిన్లు లాగేసరికి అరవై మంది మనుషులు బయటపడ్డారు. వాళ్ళని సంతకు తోలుకొచ్చిన గొడ్లలా దించారు. కాంట్రాక్టరు మనుషులు వాళ్ళ ఫోన్లు లాక్కుని గోనెసంచిలో వేశారు.

"కొత్త మిల్లన్నారు కదండీ, గేటు బయట ఆ జనమేంటి?" అని ఒకతను అడిగాడు.

చెంప ఛెళ్ళుమంది.

క్యాంటీన్ కిటికీలోంచి పెద్ద వంటాయన ఇదంతా చూశాడు.

బయట సమ్మె మొదలై పదకొండు రోజులైంది. కంచె లేని మరలో పడి ఒక అమ్మాయి చెయ్యి నుజ్జునుజ్జయింది. మరలకి కంచెలు బిగించేదాకా లోపలికి అడుగు పెట్టేది లేదని రెండు వందల నలభై మంది ఎండలో కూర్చున్నారు. క్యాంటీన్‌లో పనిచేసే ఆరుగురూ సమ్మెలో లేరు. వాళ్ళని సంఘంలోకి ఎవరూ పిలవలేదు, వాళ్ళూ వెళ్ళలేదు.

మేనేజరు నవ్వుకుంటూ వంటింట్లోకి వచ్చాడు.

"పెద్దాయనా, ఇవాళ్టి నుంచి ఇంకో అరవై మందికి వండాలి. భోజనాలయ్యాక మరలు తిరగాలి. శుక్రవారం మీ రిటైర్మెంటు, ఓనరు గారే స్వయంగా సన్మానం చేస్తారట. ముప్పై మూడేళ్ళు మచ్చ లేకుండా గడిపారు. ఈ నాలుగు రోజులూ అలాగే కానివ్వండి."

ముప్పై మూడేళ్ళు! ఈ వంటింట్లో అడుగుపెట్టిన రోజున అతనికి ఉల్లిపాయ తరగడం కూడా రాదు. ఇప్పుడు ఆవిరి వాసన చూసి ఉప్పు చాలిందో లేదో చెబుతాడు. దూది దుమ్ముకి గొంతులు ఎండిపోయే షెడ్డువాళ్ళకి కూర కాస్త పల్చగా చేసేవాడు. ఆఫీసర్లకి మాత్రం వేరే గిన్నె, వేరే నూనె. ఇదేమిటని ఎవరైనా అడిగితే "పొయ్యికి పార్టీలుండవురా" అని నవ్వేసేవాడు.

ఆ నవ్వు పద్దెనిమిదేళ్ళ కిందటే ఆగిపోయింది. అప్పుడూ సమ్మే. పోలీసులకి భోజనాలు పెట్టమంటే పెట్టాడు, కొసరి కొసరి వడ్డించాడు. వాళ్ళు తిన్నారు, "భేష్" అన్నారు, చేతులు కడుక్కుని బయటికెళ్ళి లాఠీలెత్తారు. సమ్మెలో ఉన్న అతని బావమరిది మోకాలు ఆ మధ్యాహ్నమే విరిగింది. ఆనాటి నుంచి బావమరిది అతని గడప తొక్కలేదు.

మేనేజరు అటు వెళ్ళగానే కూరలు తరిగే అక్క కత్తి పక్కన పెట్టేసింది.

"నేను తరగను. మా ఆయన బయట మాడిపోతుంటే, ఆయన మర నడపడానికి వచ్చినోడికి నేను కూర తరగాలా?"

"వాళ్ళకి ఆకలెయ్యదా?" అన్నాడు వడ్డించే అతను. "వాళ్ళూ మనలాంటోళ్ళేగా. ఎలా కొట్టారో చూశావుగా."

"చూశాను. చూసి ఏం చేశాం? గరిటె తిప్పుకుంటూ కూర్చున్నాం!"

"ఆకలితో వచ్చినవాణ్ణి నేనేనాడూ పొమ్మనలేదమ్మా" అన్నాడు పెద్ద వంటాయన.

"పొమ్మనమని నేనన్లేదు పెద్దాయనా. మీరు వండిన అన్నం తిని ఎవరు ఎవర్ని కొడుతున్నారో ఒక్కసారి చూడమంటున్నా."

ఆ మాట సూటిగా వెళ్ళి తగిలింది. అతను మంచినీళ్ళ బిందె భుజాన పెట్టుకుని కొత్తవాళ్ళని ఉంచిన షెడ్డుకి నడిచాడు.

దెబ్బ తిన్నతని చెంప మీద ఐదు వేళ్ళూ అచ్చుపడి ఉన్నాయి. నీళ్ళు గటగటా తాగాడు.

"అన్నా, ఇక్కడ పనిచేసేవాళ్ళంతా ఏమయ్యారు?"

పెద్ద వంటాయన ఆ అమ్మాయి చెయ్యి సంగతి చెప్పాడు. ఆమె మరని వేలు పెట్టి చూపించాడు. అరవై మందీ అటు చూశారు. ఇప్పటికీ దానికి కంచె లేదు.

"మాకివేవీ చెప్పలేదు" అన్నాడతను. "వెళ్ళిపోతామంటే గేటు తియ్యట్లేదు."

"భోజనాల వేళకి తెరిపిస్తాను. నా బండి వెనకాలే రండి."

తిరిగొచ్చి అక్క ముందు నిలబడ్డాడు. "తరుగమ్మా. మూడొందల మందికి."

"బయటోళ్ళక్కూడానా?" వడ్డించే అతని మొహంలో నెత్తురుచుక్క లేదు. "ఉద్యోగాలు పోతాయి పెద్దాయనా!"

"ఒక్కడైతే పీకేస్తారు" అంది అక్క కత్తి అందుకుంటూ. "ఆరుగురం ఒకటైతే రేపు మేనేజరే గరిటె పట్టాలి."

ఆఫీసర్ల ఇళ్ళు రోడ్డు అవతల ఉన్నాయి. రోజూ పన్నెండున్నరకి వాళ్ళ భోజనం తోపుడు బండి మీద గేటు దాటి వెళ్తుంది. ఆ రోజు బండి నిండా గంగాళాలే. బండి కదలగానే షెడ్డులోంచి అరవై మందీ లేచారు. కాపలావాళ్ళు ఇద్దరు అడ్డొచ్చారు కానీ అరవై మందిని ఇద్దరెక్కడ ఆపుతారు?

"గేటు వెయ్యండి!" పై అంతస్తులోంచి మేనేజరు అరుపు.

గేటు కాసే ముసలాయన అప్పటికే తలుపులు బార్లా తీసేశాడు. "రోజూ బండికి తీస్తానయ్యా. ఇవాళా బండికే తీశాను."

కొత్త మొహాలు కనిపించగానే బయట జనం భగ్గుమంది. "వచ్చార్రా మన నోటి కూడు లాక్కునేవాళ్ళు!" చేతుల్లోకి రాళ్ళొచ్చాయి. పెద్ద వంటాయన బండికి ముందు నిలబడ్డాడు.

"కొడితే నన్ను కొట్టండి. ఆ రోజు పోలీసులకి వడ్డించింది నేను. వీళ్ళకేం తెలీదు, మోసపోయి వచ్చారు."

దెబ్బ తిన్నతను ముందుకొచ్చి చెంప చూపించాడు. "మీ మరలు మేం ముట్టుకోం" అన్నాడు. ఆ మాట వెనక్కి, వెనకవాళ్ళ దాకా పాకింది.

జనంలోంచి బావమరిది కుంటుకుంటూ వచ్చాడు. చేతిలో రాయి ఉంది. పెద్ద వంటాయన్ని ఎగాదిగా చూశాడు.

"పద్దెనిమిదేళ్ళు పట్టింది బావా నీకు."

"పట్టిందిరా."

రాయి కింద పడింది. "ముందు వాళ్ళకి పెట్టు. పొద్దుట్నించీ తిన్నట్టు లేరు."

మట్టిలో వరసలు కూర్చున్నాయి. కొత్తవాడి పక్కన పాతవాడు. అక్క వడ్డించింది, ఆమె భర్త నీళ్ళు పోశాడు. ఎక్కడా వేరే గిన్నె లేదు. సగం వరసలకి అన్నం పడేలోగా పోలీసు వ్యాన్లు వచ్చాయి. కంపెనీ సరుకు దొంగిలించాడని మేనేజరు పెద్ద వంటాయన వైపు వేలు చూపించాడు. తింటున్నవాళ్ళు ఎంగిలి చేతులతోనే లేచారు, మూడు వందల మందీ వ్యానుకి అడ్డం నిలబడ్డారు.

"వడ్డన ఆపకండి" అని కేకేసి, పెద్ద వంటాయన తనే వ్యానెక్కాడు.

స్టేషన్‌లో ఇన్‌స్పెక్టరు కాగితం ముందు పెట్టుకున్నాడు. అప్పటికే బయట నినాదాలు దగ్గర పడుతున్నాయి. మిల్లు నుంచి జనమంతా నడిచి వస్తోంది.

"వృత్తి?"

"వంట."

"ఎక్కడ?"

"గేటు బయట" అన్నాడు. "త్వరగా రాసుకోండి సార్. రేపు మూడొందల మందికి వండాలి."