నాలుగూ నలభై బండి

చీటీలో "9:15 – కాఫీ" అన్నదాని పక్కన టిక్కు పెట్టి, నిమిషాలాయన సగం కప్పు కాఫీ పక్కకు నెట్టేశాడు. టైమైపోయింది మరి!

ఆ పేరు డ్రైవర్లు పెట్టింది. ఏ బస్సు ఎన్నింటికి కదలాలో, ఏ డ్రైవరు ఎక్కడ దిగాలో చార్టు గడుల్లో నింపడమే డిపోలో ఇరవై రెండేళ్ళుగా అతని పని. ఆఫీసు భవనం బీటలు తీసిందని గుమాస్తాలను ఇళ్ళకు పంపేశాక, పడగ్గది కిటికీ పక్కన బల్ల వేసుకుని, కంప్యూటరు ముందు అదే పని చేస్తున్నాడు. ఇంట్లో కూర్చుంటే రోజు చేజారిపోతుందని అతనికి భయం. అందుకే స్నానానికి పన్నెండు నిమిషాలు, గడ్డానికి ఆరు, నడుం వాల్చడానికి కూడా ఒక గడి. పెళ్ళి సంగతి మాత్రం ఏ గడిలోనూ పట్టలేదు.

ఇవాళ్టి చీటీలో రెండు పంక్తుల కింద ఎర్ర గీత ఉంది. "4:15 – అక్కతో మాట్లాడాలి. 4:30 – స్టాపు దాకా వెళ్ళాలి."

అక్క వెళ్ళిపోతోంది. అమ్మా నాన్నా పోయాక చొక్కాల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు కాలర్లు కుట్టి అతన్ని చదివించిన మనిషి. వచ్చిన సంబంధాలన్నిటినీ "తమ్ముడి చదువు కానివ్వండి" అని వెనక్కి పంపింది. చదువైంది, ఉద్యోగమొచ్చింది, అతని జుట్టూ నెరిసింది. ఇప్పుడు యాభై ఎనిమిదో ఏట, పక్క జిల్లాలో ఉండే రిటైరైన పోస్ట్‌మాన్‌ని పెళ్ళి చేసుకుంటానంది. అప్పుడు ఈ మహానుభావుడు ఏమన్నాడు? "ఈ వయసులో నీకిదేం పోయేకాలం అక్కా?" అన్నాడు.

ఆమె చేతిలోని గిన్నె తుడిచి అరలో పెట్టింది. పన్నెండు రోజులైంది. ఆ మాట వెనక్కి తీసుకోకుండా ఆమెను బస్సెక్కిస్తే ఇక జన్మలో తన మొహం తను చూసుకోలేనని అతనికి తెలుసు.

పన్నెండు రోజుల్లో పది నిమిషాలు దొరకలేదా అంటే, దొరకలేదు. కొత్త చార్టు ఇవాళ్టినుంచే అమలు. బస్సు అవతలి ఊరు చేరాక మంచినీళ్ళు తాగే తీరిక కూడా లేదని డ్రైవర్లు మొత్తుకుంటే, పదిహేడో నంబరు సాయంత్రం ట్రిప్పు నాలుగూ నలభైకి బదులు నాలుగూ ఇరవైకే వచ్చేలా అతనే మార్చాడు. ఆ ఒక్క గడి కదిపేసరికి నలభై గడులు కదిలాయి. అక్క ఎక్కాల్సిందీ ఆ బస్సే. కానీ చార్టులో అది పదిహేడో నంబరు, ఇంట్లో నాలుగూ నలభై బండి. రెండూ ఒకటేనన్న సంగతి అతని బుర్రకెక్కలేదు.

మధ్యాహ్నం అక్క కంచం తెచ్చి బల్ల మీద పెట్టింది.

"చల్లారిపోతుందిరా."

"ఇంకో పది నిమిషాలు."

"నీ ఆకలి కూడా చీటీ చూసుకునే వస్తుందిరా?" అంది.

పన్నెండు రోజుల తర్వాత మొదటి వేళాకోళం. అతనికి నవ్వొచ్చింది. అప్పుడే అనేయాల్సింది. మాట నోటిదాకా వచ్చింది కూడా. చీటీ వంక చూశాడు. ఇంతలో ఫోను మోగింది.

మూడున్నరకు మేనేజరు మీటింగు. "ఒకే డ్రైవరుకి రెండు బస్సులు రాశావేంటయ్యా? వాడేమైనా రెండు ముక్కలవుతాడా?" అని హెడ్‌ఫోన్లలో అరుస్తున్నాడు. నిమిషాలాయన గడులు సరిచేస్తూనే ఉన్నాడు. నాలుగూ పదికి అక్క గుమ్మంలోకి వచ్చింది. ఇస్త్రీ చీర, చేతిలో సంచీ.

"ఒరే..." అంది.

అతను తెర మీంచి చూపు తిప్పకుండానే చెయ్యెత్తాడు, ఐదు నిమిషాలన్నట్టు. ఆమె నిలబడింది. మళ్ళీ చూసేసరికి గుమ్మం ఖాళీగా ఉంది. ఇంకేదో సర్దుకుంటోంది కాబోలు, బోలెడు టైముందిలే అనుకున్నాడు.

మీటింగు నాలుగూ పద్ధెనిమిదికి ముగిసింది. మూడు నిమిషాలు ఆలస్యమైందని తనను తాను తిట్టుకుంటూ లేచాడు. అక్క గదిలో దుప్పటి మడిచి ఉంది. "అక్కా!" వంటింట్లో లేదు. వీధి తలుపు దగ్గరగా వేసి ఉంది. చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తాడు.

స్టాపులో నరపురుగు లేదు.

"ఇప్పుడే పోయిందండీ," అన్నాడు ఎదుటి కొట్టాయన. "కాగితం అంటించారుగా, చూసుకోలేదా? ఎవడు మార్చాడో గానీ, వాడి ఇల్లు బంగారంగానూ, పొద్దుట్నుంచీ జనం నా ప్రాణం తోడేస్తున్నారు!"

ఆ కాగితం టైపు చేసింది నిమిషాలాయనే. అక్కకు ఫోను చేశాడు.

"ఎక్కేశాన్రా. సీటు కూడా దొరికింది. నువ్వు పనిలో ఉన్నావని..." ఇంజను మోతలో అక్క గొంతు.

అతను నోరు తెరిచాడు. ఇన్నాళ్ళూ కూడదీసుకున్న మాటల్లో ఒక్కటీ రాలేదు.

"ఆ బండి ఆరూ పదికి చేరుతుందక్కా," అన్నాడు.

"తెలుసులేరా."

కండక్టరు టికెట్లడగడం ఫోనులో వినిపించింది. "ఉంటా మరి," అంది అక్క.

ఇంటికొచ్చి, మట్టికాళ్ళతోనే వంటింట్లో నిలబడి ఏడ్చాడు. మంచినీళ్ళ కోసం ఫ్రిజ్ తెరిచాడు. పై అరలో నాలుగు స్టీలు డబ్బాలున్నాయి. ఏనాడూ ఒక చీటీ రాసి ఎరగని మనిషి, ఒక్కో మూత మీద ఒక్కో కాగితం ముక్క అంటించింది. "రాత్రి 8:00." "రేపు పొద్దున 8:40." "రేపు మధ్యాహ్నం 1:10." నాలుగో డబ్బా మూత మీదా కాగితం ఉంది, దాని మీద టైము మాత్రం లేదు, "ఆకలేసినప్పుడు" అని ఉంది.