సింకులో నెత్తురు

సంయుక్తకు ఆరో నెల. పొద్దున్నే పళ్లు తోముకుంటే సింకంతా ఎర్రబడుతోంది. ఆ సంగతి కాకినాడలో ఉన్న అత్తగారు రాజరాజేశ్వరికి ఫోన్లో చెప్పడమే పొరపాటైంది.

"అయ్యో, ఆ నెత్తురంతా బిడ్డదే కదమ్మా! ఆ బ్రష్ అవతల పారెయ్. వేలికి ఇంత ఉప్పు అద్దుకుని రాసుకో, చాలు. పళ్ల డాక్టరు గడప మాత్రం తొక్కకు. ఆ సూదులూ మందులూ కడుపులోకి పోతాయి."

ఇంజనీరింగ్ చదివిన పిల్ల, ఆఫీసులో పదిమంది తప్పులు పట్టే పిల్ల, ఈ మాటకు మాత్రం తలూపింది. ఊపక ఏం చేస్తుంది? తల్లి లేదు. భర్త జశ్వంత్ ప్రాజెక్టు పని మీద పుణెలో ఉన్నాడు. మియాపూర్ ఫ్లాట్లో మంచీ చెడూ చెప్పడానికి గోడలు తప్ప ఎవరున్నారు? బిడ్డకేమైనా అయితే తన మొండితనం వల్లే అంటారని భయం. బ్రష్ మానేసింది.

మానేస్తే చిగుళ్లు ఊరుకుంటాయా? ఇంకా వాచాయి. ముద్ద నమలాలంటే ప్రాణం మీదికొచ్చేది. నోరు వాసన వేస్తోందని తనకే తెలిసిపోయింది. ఆఫీసులో చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడేది. తర్వాత ఆ మాటలూ తగ్గించేసింది. రోజూ కలిసి తినే జయంతిని "పనుంది, నువ్వెళ్లు" అని పంపించేసి, క్యాంటీన్ ఖాళీ అయ్యాక ఒంటరిగా కూర్చుని నాలుగు మెతుకుల మజ్జిగన్నం మింగేది. కొన్నాళ్లు పిలిచి పిలిచి జయంతి పిలవడం మానేసింది. ఆ పిల్లను అని మాత్రం ఏం లాభం? జశ్వంత్ వీడియో కాల్ చేస్తే ఫోను పొట్ట వైపు తిప్పేది. అతనూ పొట్టనే చూసి మురిసిపోయి పెట్టేసేవాడు. మహానుభావుడు!

నెలవారీ చెకప్‌లో బరువు తగ్గిందని తేలింది. బిడ్డ కోసం మానేసిన బ్రష్ బిడ్డ తిండికే ఎసరు పెట్టింది. కాన్పుల డాక్టరు నాలుగు చీవాట్లు పెట్టి, కింది అంతస్తులో ఉన్న పళ్ల డాక్టరు రోహిణి దగ్గరికి పంపింది.

"బ్రష్ ఎందుకు బంద్ పెట్టినవమ్మా?" అంది రోహిణి, సంగతంతా విని. "కడుపుతోని ఉన్నప్పుడు చిగుళ్లు జర వాస్తయ్. అప్పుడే ఇంకా మంచిగ తోముకోవాలె, మెత్తటి బ్రష్‌తోని. ఆ నెత్తురు నీ చిగుళ్లది, బిడ్డది కాదు. ఇయాల క్లీన్ చేస్త, ఏం ఫికర్ లేదు. ఏదీ, నోరు తెరువు."

సంయుక్త తెరవలేదు. చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"వాసనొస్తుందండీ."

"వస్తే రానీ తల్లీ."

రోహిణి ఆ చేతిని మెల్లగా పక్కకు తీసి, గడ్డం పట్టుకుని, దగ్గరగా వంగి చూసింది. కుర్చీలో వెల్లకిలా వాలి ఉన్న సంయుక్త కళ్ల నీళ్లు జారి చెవుల్లోకి పోయాయి.

"నొస్తున్నదా? ఇంకా మొదలే పెట్టలేదు గదా!"

"నొప్పి కాదండీ," అంది సంయుక్త. "నా మొహంలోకి ఎవరైనా ఇలా చూసి చాలా రోజులైందండీ."

రోహిణి చేతిలో పరికరం పక్కన పెట్టేసింది. స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"ఏడువు తల్లీ. తొందరేం లేదు."

బయట తర్వాతి పేషెంటు తలుపు తట్టినా ఆమె లేవలేదు.