చేతులు కట్టుకున్న అబ్బాయి

బొమ్మ నిలబడిన తీరు చూసి దాని మనసు చెప్పడంలో నాకు సాటి లేరని మా గుంపులో పేరు. జపాను తరహా కామిక్సు గీసేవాళ్ళం నలభై మందిమి ఫోనులో ఒక గుంపు పెట్టుకున్నాం. ఎవరు ఏ మనిషిని గీసినా ముందు నాకు చూపించేవారు. పాదం వాకిలి వైపు తిరిగితే వెళ్ళిపోవాలని ఉంది, చేతులు ఛాతీ మీద కట్టుకుంటే మనసు తలుపు వేసుకుంది. సింగానల్లూరులో మా మేడ మీద గదిలో కూర్చుని డాక్టరమ్మలా చీటీలు రాసిచ్చేదాన్ని.

గుంపులో మిగతావాళ్ళంతా తమిళులు, ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళం ఇద్దరమే. రెండో మనిషి ముకుంద్. బోడినాయకనూరులో వాళ్ళది ఏలకుల వ్యాపారం. మదురైలో రెండు రోజుల బొమ్మల శిబిరంలో ఒక్కసారే కలిశాం. బస్టాండు దాకా వచ్చి, నా బస్సు కదిలేవరకు నిలబడ్డాడు. తరువాత ప్రతి శుక్రవారం గుంపులో ఒక బొమ్మ పెట్టేవాడు. శుక్రవారం పొద్దున దీపం పెట్టకముందే ఫోను చూసుకునేదాన్ని. ఇష్టమని చెప్పడానికి పొగరు అడ్డొచ్చింది. అతనే చెప్పాలని కూర్చున్నాను.

ఒక శుక్రవారం బొమ్మలో ఒక అబ్బాయి. పాదాలు దగ్గరగా పెట్టి, తల కాస్త వంచి, చేతులు ఛాతీ మీద కట్టుకుని ఉన్నాడు. ఎదురుగా నాలాగే గుండ్రటి కళ్ళద్దాల పిల్ల. బొమ్మ గుంపులో పెట్టలేదు, నాకొక్కదానికే పంపాడు. మహా తెలివైనదాన్ని కదా, అదేమీ పట్టించుకోలేదు. "వీడికి ఆ పిల్లంటే ఇష్టం లేదు. ఉంటే చేతులు విప్పించండి" అని రాశాను.

"సరి, దర్శినీ" అని జవాబు. ఆ తరువాత ఒక్క శుక్రవారం కూడా బొమ్మ రాలేదు.

ఎనిమిది నెలలకు మా అవ్వ కన్నమ్మాళ్ నా ఫోనులో పాత బొమ్మలు చూస్తూ దాని దగ్గర ఆగింది.

"ఎవురు అమ్మిణీ ఈ పిల్లోడు? ఎంత మరియాదగా చేతులు కట్టుకోనుండాడు."

"మరియాదా? కోపం గదా అవ్వా అది."

"కోపమా? నన్ను పెండ్లికి అడగను వచ్చి, మీ తాత మా నాయన ముందర ఇట్లనే నిలబడినాడు. ఈ పిల్లోడూ ఏమో అడగను వచ్చుండాడు. పావం, నోరు రాలా."

ఫోను తీసుకుని బొమ్మ మళ్ళీ చూశాను. బడిలో టీచరు ముందు పదేళ్ళు నేనూ అట్లాగే నిలబడ్డాను. ఇక్కడ పిల్లా పెద్దా వినయంతో చేసే పనిని, జపాను పుస్తకాలు తిరగేసి అయిష్టమని తీర్పు చెప్పాను. నా మీద నాకే అసహ్యం వేసింది. అతను కావాలి. అప్పుడూ కావాలి, ఇప్పుడు మరీ కావాలి.

ఆ మధ్యాహ్నమే గీశాను. గుండ్రటి కళ్ళద్దాల పిల్ల, పాదాలు దగ్గరగా, తల వంచి, చేతులు కట్టుకుని. మాట ఏమీ రాయకుండా పంపాను.

శుక్రవారం పొద్దున జవాబు వచ్చింది. అదే అబ్బాయి. చేతులు విప్పుకున్నాడు. ఒక చేయి పక్కనున్న పిల్ల చేతిలో ఉంది. ఆ పిల్లకు కళ్ళద్దాలు లేవు. వచ్చే నెల తిరుమంగళంలో కల్యాణమని తేదీ వేసి, దాని కింద రాశాడు: "మీ బొమ్మ చూసినాను. నాది మీరు చెప్పినప్పుడే దిద్దేసినాను."

అలవాటు కొద్దీ తప్పులు వెతికాను. భుజాలు చూశాను, మోచేతులు చూశాను. పాదాలు రెండూ ఆ పిల్ల వైపే తిరిగి ఉన్నాయి. చాలాసేపు వెతికాను, ఒక్క తప్పూ దొరకలేదు.