మామా, మ్యాపూ ఒక్కమాట మీద

కర్నూలు దాటినప్పటి నుంచి ఓబుళేశుకూ బండిలోని ఆడగొంతుకూ పడటం లేదు.

అదేమీ మామూలు బండి కాదు. స్కాట్లాండు నుంచి ఓడెక్కి వచ్చి చెన్నైలో దిగిన బండి. లోపల మంచం, పొయ్యి, నీళ్ల తొట్టి, చిన్న బాత్‌రూము కూడా ఉన్నాయి. స్టీరింగు పక్కన, బండితో పాటే చేసి బిగించిన ఒక తెర. ఎక్కడికి పోవాలో దానికి చెబితే చాలు, ఒక ఆడమనిషి ఇంగ్లీషులో దారి చెబుతూ ఉంటుంది. ఫోనుకు మాదిరి సిగ్నలు అక్కర్లేదు. బండి ఎత్తు, పొడవు, బరువు ముందే చెప్పుకుంటే తలకు తగిలే వంతెనల కిందికీ, ఇరుకు సందుల్లోకీ తీసుకుపోదట. దేశదేశాలు దీన్ని నమ్ముకునే తిరిగామని బండి యజమాని అలన్ మురిసిపోతూ చెప్పాడు. ఓబుళేశు కోడలు శివలీల ఆ మాటల్ని తెలుగులో మామకు వినిపించింది. విన్నాయనకు ఒళ్లు మండింది.

"ముప్పై ఒక్కేండ్లు ఆర్టీసీ బస్సు తోలినోన్ని. కర్నూలు, కడప జిల్లాల్లో నాకు తెలీని దోవ యాడుండాది? ఈ యమ్మ ఎప్పుడన్నా ఈ పక్కకు వచ్చిందా?"

"మామా, మెల్లగా మాట్లాడు. వాళ్లకు తెలుగు రాకున్నా మొగం చూస్తే తెలిసిపోతాది," అంది శివలీల, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా.

వెనక సీట్లో అలన్, ఆయన భార్య మొయిరా కూర్చుని ఉన్నారు. ఇద్దరికీ అరవై దాటాయి. అలన్ హంపిలో బండల మీద జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. కట్టు విప్పేదాకా స్టీరింగు పట్టేది లేదు. మొయిరాకు ఈ ట్రాఫిక్కులో తోలాలంటే గుండె దడ. అందుకని కర్నూలులో దావీదురాజు ట్రావెల్స్‌కు పోయి, ఆడ డ్రైవరు ఉంటే ఇవ్వమని అడిగారు. దావీదురాజు దగ్గర ఆడ డ్రైవరు ఒకతే ఉంది. రెండేళ్లుగా పిలిస్తే పోతూ, పిలవకుంటే ఆలూరులో ఇంట్లో కూర్చుంటూ ఉన్న శివలీల.

"ఈ ట్రిప్పు సాఫీగా జరిగితే నిన్ను పర్మనెంటు చేసుకుంటానమ్మా. ఏదన్నా తేడా వచ్చిందా, ఇంక పిలవను," అని దావీదురాజు మొహమాటం లేకుండా చెప్పేశాడు. నాలుగు రోజుల ట్రిప్పు కదా, మా మామ తోడొస్తాడని ఆమె బతిమాలితే గొణుగుతూనే ఒప్పుకున్నాడు.

ఓబుళేశుకు ఈ కోడలంటే ప్రాణం. పెండ్లయి వచ్చిన రెండో ఏడు, "మామా, నాకూ డ్రైవింగు నేర్పు," అని ఆ పిల్ల అడిగితే ఇంట్లో అందరూ నోళ్లు నొక్కుకున్నారు. కన్న కొడుకు మహానందికి స్టీరింగంటే భయం. ఎరువుల అంగట్లో కూర్చుని బిల్లులు రాసుకోవడమే వాడికి హాయి. సరే, కొడుక్కు రాని విద్య కోడలికన్నా వస్తుందని, ఓబుళేశు బీడు చేలల్లో పాత జీపు మీద ఆమెకు గేర్లు నేర్పాడు. తిట్టాడు, అరిచాడు, ఇంటికొచ్చి భార్యతో మాత్రం "మొగోళ్లు దిగదుడుపే ఈ పిల్ల ముందర," అన్నాడు. ఆ తర్వాత ఆయన కంటి నరం దెబ్బతింది. ఎదురుగా కనపడుతుంది గానీ పక్కలంతా మసక. ఇంక స్టీరింగు ముట్టుకోవద్దని డాక్టరు చెప్పిన రోజు అన్నం తినలేదు. ఇప్పుడు రోడ్డు మీద ఆయన బతుకంతా ఈ కోడలి పక్కసీటే.

మధ్యాహ్నం బెలుం గుహలు చూసుకుని బయల్దేరేసరికి మూడయింది. ఆ రోజు అలన్, మొయిరాల పెండ్లి రోజు. నలభై ఏళ్లు నిండాయట. గండికోటలో లోయ మీద పొద్దు గుంకడం చూడాలని మొయిరా కర్నూలు నుంచి పదిసార్లు చెప్పింది. జమ్మలమడుగు మీదుగా పెద్ద రోడ్డున పోదామని శివలీల పొద్దున్నే ఫోనులో చూసి పెట్టుకుంది. గంటన్నరలో చేరిపోవచ్చు.

కొంత దూరం పోయాక రోడ్డు రెండుగా చీలింది. కుడివైపు పోవాలని తెరలోని ఆడగొంతు చెప్పింది.

ఓబుళేశు సీట్లో నిటారుగా లేచి కూర్చున్నాడు. "ఏమంటాండాది?"

"కుడిపక్కకంట. తాళ్లకొట్టాల మీదుగా."

"ఓర్నీ! ఈ యమ్మకు తాళ్లకొట్టాల తెలుసా?" ముసలాయన ముఖం వెలిగిపోయింది. "నేను తొమ్మిదేండ్లు నైట్‌హాల్టు చేసిన ఊరు! ఆ దోవన పోతే పదహైదు కిలోమీటర్లు కలిసొస్తాది. తిప్పుమ్మా తిప్పు. పొద్దుండంగానే పోతాం."

శివలీల బండి ఆపింది. ఫోను తీసి చూస్తే సిగ్నలు లేదు. "మామా, ఆ పక్క డ్యాము కట్టినారంట గదా? ఊర్లు ఖాళీ చేయించినారని పేపర్లో వచ్చింది."

ఓబుళేశు పగలబడి నవ్వాడు. "డ్యామా! నేను డ్యూటీలో చేరిన ఏడు ఒకాయన వచ్చి రాయి వేసిపాయ. పదేండ్లకు ఇంకొకాయన ఆ రాయి పక్కనే ఇంకో రాయి వేస్య. నేను రిటైరయ్యేనాటికి ఆ రాళ్ల మీద మేకలు పండుకుంటాండె. ఊర్లు ఖాళీ చేయిస్తారు, గోడ కడతారు, పేపర్లో ఫోటో వేస్తారు. నీళ్లు యాడ నుంచి వస్తాయమ్మా ఈ సీమకు? నేనూ చెప్తాండా, మిషనూ చెప్తాండాది. ఇంకేం కావల్ల నీకు?"

పొద్దుటి నుంచి కొట్లాడుకున్న ఇద్దరూ ఒక్కమాట మీదికి వచ్చాక ఆమె మాత్రం ఏం చేస్తుంది? కుడికి తిప్పింది.

రోడ్డు మొదట బాగానే ఉంది. తర్వాత గతుకులు, కంపచెట్లు. ఎదురొచ్చే బండి ఒక్కటీ లేదు. ఓబుళేశు ఇవేవీ పట్టించుకోలేదు. ఈ మలుపులో ఒకసారి టైరు పేలింది, ఆ గుట్ట కింద పెండ్లివాళ్ల కోసం గంట ఆగాను అంటూ ఒకటే ముచ్చట. మధ్య మధ్య ఆడగొంతు ఏదో చెబితే, "అట్లనే పోమంటాంది, చూడు," అని మురిసిపోయాడు. ముందరి మలుపు తిరిగితే ఊరు కనపడుతుందని చెప్పాడు.

మలుపు తిరిగారు. శివలీల బ్రేకు మీద నిలబడినంత పని చేసింది.

ముందర నీళ్లు. తారురోడ్డు నేరుగా పోయి నీళ్లలోకి దిగిపోయింది. కనుచూపు మేర నీళ్లే. అక్కడక్కడ కరెంటు స్తంభాల కొసలు మాత్రం పైకి కనపడుతున్నాయి. తెర మీద మాత్రం బండి గుర్తు రోడ్డు మీద నిక్షేపంగా ఉంది. నాలుగు కిలోమీటర్లు నేరుగా పోవాలని ఆడగొంతు తీయగా చెప్పింది.

శివలీల ఫోను తీసి, సిగ్నలు లేక మళ్లీ పక్కన పెట్టడం ఓబుళేశు చూశాడు. పిల్ల ఉద్యోగం నా నోటితో నేనే చెడగొట్టానే అనుకున్నాడు.

వెనక మొయిరా వాచీ చూసుకుని ఏదో అంది. గొంతులో విసుగు తెలుస్తూనే ఉంది. అలన్ ముందుకు వంగి తెరను తడిమి చూశాడు, ముఖం ఎర్రబడింది. తల దించుకుని శివలీలకు ఏదో చెప్పాడు.

"ఏమంటాడు?"

"ఈ మ్యాపు పాతదంట మామా. కొత్తది వేసుకోమని మూడేండ్లుగా తెర అడుగుతానే ఉందంట. రేపు చూస్తాం, ఎల్లుండి చూస్తాం అని ఆయనే వాయిదా వేసినాడంట. తప్పు తనదే అంటాండాడు."

"ఆ ముసిలోడూ నా మాదిరే ఉండాడే," అన్నాడు ఓబుళేశు. నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

ఆయన బండి దిగి నీళ్ల దాకా నడిచాడు. వంగి దోసిలి పట్టాడు. నీళ్లు చల్లగా ఉన్నాయి, నిజంగానే ఉన్నాయి. గుక్కెడు నోట్లో పోసుకున్నాడు. బస్సు టాపు మీద పండుకుని చూసిన ఊరు, రాత్రిపూట ఎవరో ఒకరు తెచ్చిపెట్టిన సంగటి, పొద్దున్నే హారను కొడితే పరిగెత్తుకొచ్చిన పిల్లలు, అంతా దీని కింద ఉంది. ఏడుపొచ్చింది. ఇన్ని నీళ్లు ఈ నేలకు వచ్చినందుకు సంతోషమూ వచ్చింది. ఏది ఎంత అని ఆయనకే తెలియలేదు.

గట్టు మీద తట్టలో చేపలు సర్దుకుంటున్న ఒకామె ఇటే చూస్తోంది. నలభై ఏళ్లుంటాయి. దగ్గరికొచ్చి, "నువ్వు బస్సు ఓబుళేశన్నవు గదా?" అంది. "నేను ఆనందం కూతుర్ని, విశ్వాసమ్మను. టెంతు పరీక్షకు ఆలస్యమైతే నా కోసం బస్సు ఆపితివి."

"ఆనందం బిడ్డవా! ఊరు మొత్తం పాయనా అమ్మా?"

"మొత్తం పాయె. మా ఇల్లు అదో, ఆ మూడో స్తంభం కాడ. కొన్నాళ్లు ఇటు చూడలేకపోతి. ఇప్పుడు దీంట్లో చేపలే మాకు కూడు. మా యక్కోళ్ల ఊర్లో ఎండిపోయిన బోర్లకు నీళ్లొచ్చినాయి." ఆమె బండి వైపు చూసింది. "గండికోటకా? శానామంది ఇట్లనే వస్తారన్నా. వెనక్కి పోయి, మా కొత్త కాలనీ పక్కన ఎడమకు తిరగండి. కొత్త రోడ్డు పడింది."

బండి తిప్పుకోవడానికి చోటు లేదు. రెండు పక్కలా కట్ట జారుగా ఉంది. మూడు వందల గజాలు వెనక్కే పోవాలి. బండికి వెనకవైపు కెమెరా ఉంది గానీ, అందులో ఎండ పడి ఏమీ కనపడలేదు. ఓబుళేశు బండి వెనక్కి పోయి నిలబడ్డాడు. పక్కలు మసక కాబట్టి ఒక అంచు చూసుకుని, మెడ తిప్పి రెండో అంచు చూసుకుని, అరచేత్తో బండిని తడుతూ, "రానీ, రానీ, కొంచెం కుడి, రానీ," అని కేకలేశాడు. రెండుసార్లు చరిస్తే ఆగాలని కోడలికి తెలుసు. జీపు నేర్పినప్పుడు చెప్పిన పాఠమే. బండి వంకర పోకుండా పైకి వచ్చింది. మొయిరా చప్పట్లు కొట్టింది గానీ, అప్పటికే పొద్దు వాలిపోయింది.

కాలనీ దగ్గర సిగ్నలు రాగానే శివలీల ఫోను మోగింది. బండి పక్కకు ఆపి, ఫోను స్పీకరులో పెట్టింది. దావీదురాజు.

"ఏమ్మా శివలీలా, ఐదుకే గండికోటలో ఉండాల్సినోళ్లు, గంట నుంచి ఫోను కలవదు. ఏమైంది?"

"సార్, నేనే దోవ తప్పి..."

ఓబుళేశు ఆమె చేతిలోంచి ఫోను లాక్కున్నాడు. "సార్, నేను ఆమె మామను మాట్లాడతాండా. పాప తప్పేం లేదు. జమ్మలమడుగు దోవే పోదామనింది. డ్యాము ఉందనీ చెప్పింది. నేనే మూర్ఖంగా ఇటు తిప్పిచ్చినా. ముప్పై ఒక్కేండ్ల సర్వీసులో నా మీద ఒక్క మెమో లేదు. ఇది రాసుకోండి, నా పేరుతో."

ముఖాలు చూసి సంగతి పోల్చుకున్న మొయిరా వెనక నుంచి చెయ్యి చాపి ఫోను అడిగింది. ఇంగ్లీషులో గబగబా చాలాసేపు మాట్లాడింది. పెండ్లి రోజు సూర్యుణ్ణి చూడలేకపోవడం బాధే, ఆ మాట దాచలేదు. కానీ ఇల్లు బండిలోనే ఉంది, రేపూ ఇక్కడే ఉంటాం, రేపు చూస్తాం, ఈ డ్రైవరే కావాలి అని ముగించింది. శివలీల ఆ మాటలు మామకు తెలుగులో చెబుతూ చెబుతూ కళ్లు తుడుచుకుంది.

ఫోను మళ్లీ ఆమె చేతికి వచ్చింది. దావీదురాజు గొంతు మెత్తబడింది గానీ పట్టు వదల్లేదు. "సరేమ్మా. ఒకటో తేదీ నుంచి వచ్చి చేరు. కానీ ఒక్క మాట. మీ మామ ఇంకెప్పుడూ మా బండ్లలో ఎక్కకూడదు. అట్లయితేనే ఉద్యోగం."

ఫోను స్పీకరులోనే ఉంది. శివలీల ముఖం కందిపోయింది. నోరు తెరిచింది. ఓబుళేశు ఆమె మోచెయ్యి పట్టుకుని, "సరే సార్ అను," అని గుసగుసగా చెప్పాడు. "అనమ్మా. నాకోసం."

"సరే సార్," అంది.

ఆ తర్వాత ఓబుళేశు ముందర సీటు దిగి, వెనక అలన్ పక్కన పోయి కూర్చున్నాడు. అలన్ ఆయన చేతిలో ఒక బిస్కత్తు పెట్టాడు. ఇద్దరూ తప్పు చేసిన బడిపిల్లల మాదిరి తింటూ కూర్చున్నారు.

శివలీల బండి స్టార్టు చేయలేదు. "మామా, ముందరికి రా."

"సారు వద్దన్యాడు గదమ్మా."

"ఒకటో తేదీ నుంచి ఆయన మాట వింటా. అందాకా ఇది నా బండి. రా."

ఆయన లేచి, తడబడుతూ వచ్చి కోడలి పక్కన కూర్చున్నాడు. ఆమె తెర నొక్కి ఆ ఆడగొంతును ఆపేసింది. ఎదురుగా నల్లగా, నున్నగా కొత్త రోడ్డు. దాని మీద ఆయన ఎప్పుడూ బస్సు తోలలేదు. శివలీల గేరు వేసి, "చెప్పు మామా, ఎట్ల పోదాం?" అని అడిగింది.

ఓబుళేశు కళ్లు చికిలించి ముందుకు చూశాడు. ఇన్నేళ్లలో ఎవరి ముందరా అనని మాట, మెల్లగా అన్నాడు.

"నాకు ఈ దోవ తెలీదు తల్లీ."

"నాకూ తెలీదులే," అంది శివలీల. "దోవ అడుక్కుంటా పోదాం."